నెల్లూరు పొట్టేలు పక్కటెముకలకు కుక్కరే మేలు

అమెరికా నుంచి సెలవులకు నెల్లూరో, కావలో, ఒంగోలో వెళ్ళినప్పుడు పిల్లలు రిబ్స్ అడిగితే "ఇక్కడ స్మోకర్ (పొగసెగ మీద మాంసం వండే పొయ్యి) లేదు కదా" అని పెద్దలు దాటేస్తుంటారు. లేకపోవడమే నయం. అమెరికాలో దొరికే పంది పక్కటెముకల మీద కండా కొవ్వూ దండిగా ఉంటాయి; 107 డిగ్రీల సెల్సియస్ సెగలో ఐదారు గంటలు పొగబెట్టినా తట్టుకుంటాయి. నెల్లూరు పొట్టేలు మూడు రకాల్లో పల్ల అయినా, జోడిపి అయినా, దొర అయినా కాళ్ళు పొడుగు, పక్కల మీద కండ పలచన. అంతసేపు పొడి సెగలో ఉంచితే తోలులా సాగుతుంది. దానికి ఆవిరి కావాలి.

మాంసం కొట్టులో ముందే చెప్పండి: "ముక్కలు కొట్టొద్దన్నా, నాలుగేసి ఎముకల పట్టీలుగా ఇవ్వు." కత్తి ఎత్తాక చెబితే కూర ముక్కలే మిగులుతాయి. లోపలివైపు పల్చటి పొరను చెంచా కాడతో కొస దగ్గర లేపి, గుడ్డతో పట్టుకుని లాగేయాలి. అది ఉంటే ఉప్పూకారం పట్టవు. కిలోకి రెండు టీస్పూన్ల ఉప్పు, రెండు కారం, ఒకటి మిరియాల పొడి పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి.

కుక్కర్లో గ్లాసుడు నీళ్ళు, పైన స్టాండు, దానిమీద పట్టీలు. నీళ్ళలో ముంచితే రుచంతా నీళ్ళకే పోతుంది. మొదటి విజిల్ తర్వాత సన్నసెగ మీద 18 నిమిషాలు. ముదురు మాంసమైతే ఇంకో ఐదు. విజిల్ ఎత్తి ఆవిరి వదలొద్దు. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే కండలో నీరు మరిగి బయటికొచ్చి, పీచు మిగులుతుంది. ఎముక దానంతటది ఊడి వస్తే ఎక్కువ ఉడికినట్టే.

పొగ దగ్గరే చాలామంది తప్పుతారు. సాస్ పూసి, కాల్చి, ఆఖర్న బొగ్గు మీద నెయ్యి చుక్క వేస్తారు. ఆ పొగ సాస్ మీదే ఆగిపోతుంది, నెయ్యి వాసనతో బిర్యానీలా అనిపిస్తుంది. పొగ బాగా పట్టేది తడి మాంసానికి. అందుకే కుక్కర్ మూత తీయగానే పట్టీలను వెడల్పాటి గిన్నెలో సర్ది, మధ్యలో స్టీలు గిన్నె పెట్టి, అందులో బూడిద పట్టిన కొబ్బరిచిప్ప బొగ్గు, దానిమీద ఎండు మామిడి చెక్క పేళ్ళు రెండు వేసి మూత పెట్టండి. ఐదు నిమిషాలు చాలు, పది దాటితే చేదు. మిద్దె మీదో పెరట్లోనో చెయ్యండి. తలుపులేసిన వంటింట్లో బొగ్గు రాజెయ్యడం ప్రాణాపాయం.

తర్వాత ఫ్యాను కింద, చేతికి తడి తగలనంతగా ఆరాలి. ఈలోగా నిమ్మకాయంత చింతపండు గుజ్జు, 100 గ్రాముల బెల్లం, ఆరు వెల్లుల్లి రెబ్బలు, కుక్కర్లో మిగిలిన నీళ్ళు (పైన తేలిన కొవ్వు తీసేసి) కలిపి గరిటెకు అంటుకునేదాకా మరిగించండి. ఉప్పు వెయ్యొద్దు, ఆ నీళ్ళలోదే సరిపోతుంది. సూట్‌కేసులో సాస్ సీసాలు మొయ్యాల్సిన పనే లేదు.

ఇనప దోసె పెనం బాగా కాలాక పట్టీలు పరచండి. అవి వంపుగా ఉంటాయి కాబట్టి, మీద నీళ్ళగిన్నె బరువుగా పెడితేనే అంతటా ఎర్రబడతాయి. రెండువైపులా మూడేసి నిమిషాలు. సాస్ అప్పుడు పూసి, సెగ తగ్గించి నిమిషం, మళ్ళీ ఒక పూత. ముందే పూస్తే బెల్లం మాడిపోతుంది.

పంది పక్కటెముకలు దొరికినా వరస ఇదే. కుక్కర్లో మాత్రం 25 నిమిషాలు.