శ్రీ స్పీడ్ గన్ గారి దివ్య సముఖమునకు

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

బౌలర్ వేసిన బంతి వేగం కొలిచి అంకె చూపించే యంత్రం మీరు. అసలు సంగతికి వచ్చేముందు మన మధ్య ఒక పాత బాకీ ఉంది. చాలా ఏళ్ల కిందట ప్రాక్టీస్ నెట్స్ వెనక మిమ్మల్ని ఒక స్టాండు మీద కూర్చోబెట్టారు. అందరితోపాటు నేనూ వరసలో నిలబడ్డాను. నా వంతు రాగానే చాలా దూరం నుంచి పరిగెత్తుకొచ్చి, పళ్లు బిగబట్టి ఒక బంతి విసిరాను. అది పోయి సైడ్ నెట్‌లో పడింది. దాంతో మీకు పనిలేదు. మీరు చూపించింది గంటకు 71 కిలోమీటర్లు. వెనక నిలబడ్డవాడు "బండి ఇంకా సెకండ్ గేర్‌లోనే ఉంది" అన్నాడు. మూడు రోజులు భుజం పైకి లేవలేదు. కాబట్టి ఈ ఉత్తరంలో ఎక్కడైనా కడుపుమంట వాసన తగిలితే, దాని పుట్టుక అక్కడే అని ముందే ఒప్పుకుంటున్నాను.

ఇక వన్డేల మాట. మీరు వచ్చాక మాకు మ్యాచ్ చూసే పద్ధతే మారిపోయింది. బంతి పడుతుంది. బ్యాటర్ ఏం చేశాడు, బంతి ఎటు పోయింది అన్నది తర్వాత. ముందు చూపు తెర మూలన మీరు వేసే అంకె మీదకి పోతుంది. 150 కనిపిస్తే "అబ్బో!" అంటాం. 131 కనిపిస్తే "ఇంకెవరూ దొరకలేదా వీళ్లకి" అంటాం. ఆ 131కి మిడిల్ స్టంప్ లేచిపోయినా సరే, ఏదో మోసం జరిగినట్టే చూస్తాం.

మీ జీవితంలో గొప్ప రోజు ఏదంటే మీరు తడుముకోకుండా చెబుతారు. 2003 ఫిబ్రవరి 22, కేప్‌టౌన్, ప్రపంచకప్. షోయబ్ అక్తర్ ఇంగ్లండ్ ఓపెనర్ నిక్ నైట్‌కి వేసిన బంతి, 161.3 కిలోమీటర్లు. ఇప్పటికీ రికార్డు అదే. సరే, ఆ బంతికి ఏమైంది? స్టంపులు గాల్లోకి లేచాయా? హెల్మెట్ పగిలిందా? ఏమీ లేదు. నైట్ దాన్ని లెగ్ సైడ్‌కి తోసి, ఏమీ జరగనట్టు నిలబడ్డాడు. పరుగూ రాలేదు, వికెట్టూ పడలేదు. ఆ మ్యాచ్ పాకిస్తాన్ 112 పరుగుల తేడాతో ఓడిపోయింది. వాళ్ల నడ్డి విరిచింది జేమ్స్ ఆండర్సన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు. బంతిని అటూ ఇటూ తిప్పి 4 వికెట్లు తీశాడు. అతని వేగం ఎంతో ఎవరికీ గుర్తులేదు. మీకు గుర్తుందా?

అక్కడికి సరిగ్గా వారానికి సెంచూరియన్. భారత్‌తో మ్యాచ్. అదే షోయబ్, అదే పరుగు, అదే జుట్టు. సచిన్ ఏం చేశాడో మీకు నేను చెప్పాలా? ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని థర్డ్ మ్యాన్ వైపు సిక్స్‌కి లేపాడు. దానికి బలం కూడా పెట్టలేదు, వేగం అంతా షోయబ్‌దే. అప్పు చేసి పప్పుకూడు అంటారే, అలా అవతలివాడి వేగాన్ని అప్పు తీసుకుని ఇటు పండగ చేసుకున్నాడు. ఆ ఓవర్లో 18 పరుగులు. షోయబ్ 10 ఓవర్లలో 72 ఇచ్చాడు. న్యాయంగా ఒక మాట చెప్పాలి, 98 దగ్గర సచిన్‌ని పంపించింది కూడా అతనే. కానీ అప్పటికి పెళ్లి అయిపోయి, పందిరి విప్పుతున్నారు.

వన్డేల్లో ఈ ఇబ్బంది ఒకటుంది. మొదటి పది ఓవర్లలో ముప్పై గజాల సర్కిల్ బయట ఇద్దరే ఫీల్డర్లు. 150తో వచ్చిన బంతి బ్యాట్ అంచుకి తగిలితే స్లిప్ పక్కనుంచో, కీపర్ మీదుగానో నేరుగా బౌండరీకి పోతుంది. అదే ఎడ్జ్‌ని టెస్టులో స్లిప్ ఫీల్డర్లు పట్టేస్తారు, బౌలర్‌కి చప్పట్లు పడతాయి. ఇక్కడ స్కోర్‌బోర్డు మీద 4 పడుతుంది. మీరేమో ఆ 4 పక్కనే 152 అని మెరిసిపోతుంటారు.

ఆ 2003 ప్రపంచకప్‌లో అందరికన్నా ఎక్కువ వికెట్లు తీసింది ఎవరో తెలుసా? శ్రీలంక బౌలర్ చమిందా వాస్. 23 వికెట్లు. మీరు ఎప్పుడూ పట్టించుకోని మనిషి. బంగ్లాదేశ్‌తో మ్యాచ్‌లో మొదటి మూడు బంతులకి మూడు వికెట్లు, హ్యాట్రిక్. పిట్ట కొంచెం, కూత ఘనం. మీ ముద్దుబిడ్డ బ్రెట్ లీ అతనికన్నా ఒక్క వికెట్ వెనకపడ్డాడు. ఇరవై ఏళ్ల తర్వాతా కథ పెద్దగా మారలేదు. 2023 ప్రపంచకప్‌లో షమీ మొదటి నాలుగు మ్యాచ్‌లు బయటే కూర్చుని, ఆడిన 7 మ్యాచ్‌ల్లో 24 వికెట్లు తీశాడు, బంతి మీది కుట్టు, అదే సీమ్, నిటారుగా నిలబెట్టి. మీరు మురిసిపోయే పాకిస్తాన్ ఫాస్ట్ బౌలర్ హారిస్ రవూఫ్ 16 వికెట్లు తీశాడు, కాదనను. కానీ 533 పరుగులు ఇచ్చాడు. ఒకే ప్రపంచకప్‌లో అన్ని పరుగులు ఇచ్చిన బౌలర్ అంతకుముందు లేడు.

అలాగని వేగం దండగ అంటానా? అలా అంటే కళ్లు పోతాయి. 160తో వచ్చే బంతి బ్యాటర్‌ని చేరడానికి లెక్కకి 0.4 సెకన్లు. 130 అయితే అర సెకను. తేడా సెకనులో పదోవంతు. నాలాంటివాడు దాంట్లో కనురెప్ప కూడా పూర్తిగా వాల్చలేడు. పెద్ద బ్యాటర్ మాత్రం ఆ పదోవంతులోనే చేసిన తప్పు దిద్దుకుంటాడు. వేగం లాక్కునేది ఆ దిద్దుకునే అవకాశాన్ని. వన్డేల్లో దాని ఖరీదు తెలిసేది మధ్య ఓవర్లలో. ఇద్దరు బ్యాటర్లు కుదురుకుని, సింగిల్స్ తీసుకుంటూ, స్పిన్నర్‌తో కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఆడుతుంటారు. అప్పుడు కెప్టెన్ నిజమైన ఫాస్ట్ బౌలర్ చేతికి బంతి ఇస్తాడు. 2019 ప్రపంచకప్‌లో స్టార్క్ 27, ఫెర్గూసన్ 21 వికెట్లు ఊరికే తీయలేదు. లార్డ్స్‌లో, సరిగ్గా కాళ్ల దగ్గర పడ్డ స్టార్క్ యార్కర్‌కి 89 దగ్గర స్టంపులు పోగొట్టుకున్న బెన్ స్టోక్స్, బ్యాట్ కింద పడేసి కాలితో తన్నాడు. ఆ తన్నుకి మీ దగ్గర కొలత ఉందా?

అన్నిటికన్నా పెద్ద దెప్పు అడిలైడ్ గురించి. 2015 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్, ఆస్ట్రేలియా మీద పాకిస్తాన్. పాకిస్తాన్ చేసింది 213, మ్యాచ్ సగం పోయినట్టే. వహాబ్ రియాజ్ వార్నర్‌ని, క్లార్క్‌ని సాగనంపి, షేన్ వాట్సన్ మీద పడ్డాడు. తల ఎత్తుకి లేచే బౌన్సర్ వెంట బౌన్సర్. అంత కండ ఉన్న మనిషి మెడ వెనక్కి లాగుతున్నాడు, చేతులు ముఖానికి అడ్డం వస్తున్నాయి, పాదాలు ఎటు కదలాలో తెలియక ఉన్నచోటే తొక్కుకుంటున్నాయి. వహాబ్ దగ్గరికొచ్చి చప్పట్లు కొడుతున్నాడు. 4 పరుగుల దగ్గర వాట్సన్ పుల్ చేస్తే, ఫైన్ లెగ్‌లో రాహత్ అలీ చేతుల్లో పడ్డ క్యాచ్ జారిపోయింది. ఆ తర్వాత వాట్సన్ 64 నాటౌట్, ఆస్ట్రేలియా గెలుపు. వహాబ్‌కి దక్కింది 2 వికెట్లు, పైగా ఐసీసీ జరిమానా. చూసినవాళ్లెవరూ ఆ స్పెల్ మర్చిపోలేదు. మీరు మాత్రం యథాప్రకారం మూలన కూర్చుని అంకెలు వేసుకుంటున్నారు. మీ చూపంతా బంతి చెయ్యి వదిలే క్షణం మీదే కదా, వాట్సన్ పాదాలు మీకెందుకు కనిపిస్తాయి!

బంతి వయసు కూడా మీకు పట్టదు. 2011 నుంచి వన్డేల్లో రెండు వైపులా రెండు కొత్త బంతులు పెట్టి, పాతబడిన బంతిని రివర్స్ స్వింగ్ చేసి, అంటే మామూలుకి ఎదురుదిశలో వంచి, కాళ్ల దగ్గర వేసే విద్యని మూలన పడేశారు. వేగం ఉంది, దానికి పని లేదు. 2025లో 34 ఓవర్ల తర్వాత ఒకే బంతి అన్నాక కొంచెం ఊపిరి వచ్చింది.

ఆ వేగానికి ఫాస్ట్ బౌలర్లు ఒంటితో చెల్లించే ధర సంగతి ఎత్తను. షేన్ బాండ్ నడుముని, మధ్యలోనే వన్డేలు మానుకున్న షాన్ టెయిట్‌ని అడగండి. ఎద్దు పుండు కాకికి ముద్దు.

ఇంత నమ్మకంగా చూపిస్తారు కదా, మీ అంకెలన్నా నిజమా? 2022లో ఐర్లండ్‌తో టీ20లో భువనేశ్వర్ కుమార్‌కి 208 వేశారు. పాపం భువీ, స్వింగ్ చేసుకుని బతికే మనిషి! 2025 అక్టోబరులో పెర్త్ వన్డేలో స్టార్క్ మొదటి బంతికి 176.5 అన్నారు. షోయబ్ ఒళ్లు హూనం చేసుకుని సాధించిన రికార్డుని మీరు ఒక్క తుమ్ముతో చెరిపేశారు.

అందుకే నా మనవి చిన్నది. బంతి పడ్డాక రెండు సెకన్లు ఆగి అంకె వేయండి. ముందు మమ్మల్ని బ్యాటర్ పాదాలు చూసుకోనివ్వండి. ఎలాగూ తర్వాత మూలకే చూస్తాం, అలవాటు ఎక్కడికి పోతుంది.

ఇంకో మాట. మీరు 208లు చూపించగలరని తెలిశాక, నా 71 మీద నాకు మళ్లీ అనుమానం మొదలైంది. వీలుంటే పాత రికార్డులు ఒకసారి తిరగేసి చూడగలరు.

ఇట్లు,
భుజం ఇప్పుడు బాగానే ఉన్న ఒక సైడ్ నెట్ బౌలర్