ఖాళీలను పూరింపుము

మా ఇంట్లో 'గ్యాప్' అనే మాటకు ఉన్నంత చెడ్డపేరు 'సప్లీ'కి కూడా లేదు. సప్లీ అయితే మళ్ళీ రాసి పాసవ్వచ్చు. గ్యాప్ అలా కాదు. ఒక్కసారి రెజ్యూమెలో పడిందంటే గోడ మీద కిళ్ళీ మరకే, సున్నం కొట్టినా కనబడుతూనే ఉంటుంది.

నాకొచ్చిన గ్యాప్ నేను కోరి తెచ్చుకున్నది కాదు. ఇంజినీరింగ్ అయ్యేసరికి చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, జాయినింగ్ డేట్ లేదు. 'త్వరలో తెలియజేస్తాం' అని మాత్రం నెలకో మెయిల్ కరెంటు బిల్లులా ఠంచనుగా వచ్చేది. అలాంటివి నాలుగు వచ్చాక, నా పరిస్థితికి తెల్లవాళ్ళ దేశంలో ఒక గౌరవమైన పేరుందని తెలిసింది. గ్యాప్ ఇయర్. బ్రిటన్‌లో కొందరు పిల్లలు స్కూలు చదువయ్యాక, యూనివర్సిటీకి వెళ్ళేముందు కావాలనే ఏడాది ఆగి దేశాలు తిరుగుతారు. ఇంకొంతమంది డిగ్రీ అయ్యాక ఆగి, ఏ థాయ్‌లాండ్‌లోనో వియత్నాంలోనో ఇంగ్లీషు పాఠాలు చెప్పి దారిఖర్చులు రాబట్టుకుంటారు.

ఇందులో 'కావాలనే' అన్న ముక్క అమ్మకు ఎక్కించడానికి అరగంట పట్టింది.

"ఫెయిలయ్యారా?"

"లేదమ్మా."

"ఫీజుకి డబ్బుల్లేకనా?"

"కాదమ్మా, కావాలనే."

"మరి వాళ్ళమ్మ ఏం చేస్తోంది?"

నేను వియత్నాం అనుకున్నాను. అక్కడ ఇంగ్లీషు టీచరుగా పనిచేయాలంటే డిగ్రీ ఉండాలి, బోధన సర్టిఫికెట్ ఉండాలి, పోలీసులు ఇతగాడు మంచివాడేనని కాగితం ఇవ్వాలి. మొదటిది ఉంది. మూడోదానికి భయం లేదు. మిగిలింది రెండోదే కదా అని ఫోన్లో వెతికితే ఒక ప్రకటన దొరికింది. 120 గంటల కోర్సు, 85 శాతం తగ్గింపు, ఆఫర్ ముగియడానికి ఇంకా 9 నిమిషాలు. ఎర్రంకెలు పరుగెడుతుంటే నా వేళ్ళు కూడా పరుగెత్తాయి. డబ్బు కట్టాక చూస్తే గడియారం మళ్ళీ 9 నిమిషాల దగ్గర మొదలైంది.

శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం రాత్రికి, మధ్యలో రెండు క్రికెట్ మ్యాచ్‌లు చూస్తూ, కోర్సు పూర్తి చేశాను. అంచుకి బంగారు రంగు పూసిన సర్టిఫికెట్ వచ్చింది. నాన్నకు చూపించాను. ఆయన బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. ఏ కాగితమిచ్చినా ముందు అంకెల్నే చూస్తారు.

"రెండు రోజులకి నలభై ఎనిమిది గంటలే కదరా. మిగతా డెబ్బై రెండు ఎక్కణ్ణుంచి తెచ్చావ్?"

వియత్నాం రాజధాని హనోయిలో నేను దరఖాస్తు పెట్టిన చోట వాళ్ళు ఇంత లోతుగా ఆడిట్ చేయలేదు. ఒక్కటే అడిగారు: 'మీరు నిజంగా మనుషులకు పాఠం చెప్పగా ఎవరైనా చూశారా?' నేను చెప్పలేదు, ఎవరూ చూడలేదు. అక్కడితో బంగారు అంచు బీరువాలోకి వెళ్ళిపోయింది. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చిన దేశాల పాస్‌పోర్టే కావాలని ముందే రాసి పెట్టిన ప్రకటనలు వేరే. వాటి జోలికి నేను పోలేదు. మన పాస్‌పోర్టుతో వెళ్ళేవాడికి కాస్త గట్టి కాగితమే కావాలని తెలిసినవాళ్ళు చెప్పారు. ఆ గట్టి కాగితం పేరు సెల్టా.

సెల్టా అంటే పెద్దవాళ్ళకు ఇంగ్లీషు నేర్పడానికి కేంబ్రిడ్జ్ ఇచ్చే సర్టిఫికెట్. ఇదీ 120 గంటలే, కానీ వాళ్ళ గంటకు అరవై నిమిషాలుంటాయి. అందులో 6 గంటలు నిజం విద్యార్థులకు మనం పాఠం చెప్పాలి, చెబుతుంటే ట్యూటర్ చూసి మార్కు వేయాలి. కోవిడ్ వచ్చాక మొత్తం ఆన్‌లైన్‌లోనే చేసే వీలూ వచ్చింది. ఫీజు లక్షన్నర దాకా అయింది. నాన్న నమ్మకం కోసం చరిత్ర కూడా చెప్పాను: 1962లో లండన్‌లో జాన్ హేక్రాఫ్ట్ దంపతులు మొదలెట్టిన శిక్షణ, దాన్నుంచే ఇది పుట్టింది.

"అరవై రెండా? నేను పుట్టిన ఏడు" అన్నారు నాన్న కొంచెం మెత్తబడి. అంతలోనే తేరుకున్నారు. "ఇది చేస్తే నీకు ఇంగ్లీషు వస్తుందా?"

"వచ్చినవాళ్ళకే సీటిస్తారు నాన్నా."

"రానివాడికి బీసెంట్ రోడ్డు పక్కన మూడు వేలకి నేర్పుతున్నారు. వచ్చినవాడికి లక్షన్నరా?"

నాకు ఇంగ్లీషు వచ్చనే నేనూ అనుకున్నాను. ఇంటర్వ్యూలో ట్యూటర్ గారు 'ఆయన పారిస్ వెళ్ళారు' అనడానికి 'హీ హాజ్ బీన్', 'హీ హాజ్ గాన్' అని రెండు వాక్యాలు చూపించి, తేడా ఏమిటని అడిగారు. గో, వెంట్, గాన్ అని ఆరో తరగతిలో ఎక్కాల్లాగా బట్టీ పట్టిన గొంతు నాది. మళ్ళీ అదే రాగంలో అప్పజెప్పాను. ఆవిడ ఓపిగ్గా, "ఆయన ఇప్పుడెక్కడున్నాడు?" అన్నారు. ఎవరు? పారిస్ ఆయన. మొదటివాడు వెళ్ళి తిరిగొచ్చేశాడు, రెండోవాడు ఇంకా అక్కడే ఉన్నాడు. పదహారేళ్ళు ఇంగ్లీషు చదివినా, పారిస్ వెళ్ళినవాడు ఇల్లు చేరాడో లేదో నేనెప్పుడూ పట్టించుకోలేదు.

తర్వాత ష్వా. తలకిందులుగా వేలాడే ఇంగ్లీషు 'ఈ' అక్షరం ఒకటుంది, దాని శబ్దం పేరు ష్వా. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వినబడే అచ్చు అదేనట. బనానా అనే పదంలో మూడు అచ్చులుంటే రెండు అవే. యాభై ఆరు అక్షరాలు దిద్దించి, ప్రతిదాన్నీ నోరు తెరిచి పలకరా అని తొడపాశం పెట్టిన భాష మనది. 'బ-నా-నా' అని మూడు అరటిపళ్ళనూ సమానంగా ఒలిచి పెట్టేవాణ్ణి. "మొదటిదీ చివరిదీ మింగేయాలి" అనేవారు ట్యూటర్. వారం రోజులు డాబా మీద నడుస్తూ మింగాను. కింది వాటావాళ్ళు నాకు ఎక్కిళ్ళనుకుని మంచినీళ్ళు పంపించారు.

అసలు చిక్కు ఇవేవీ కాదు. నేను మాట్లాడకూడదు. టీచర్ ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచి టీచరని ఆ కోర్సు పద్ధతి. నేర్చుకునేవాళ్ళే మాట్లాడాలి. మనం అడిగి రాబట్టాలి, పనిచ్చి పక్కకు తప్పుకోవాలి. మన దగ్గర పాఠం 'చెబుతారు'. చెప్పకుండా పాఠమేమిటో నాకు ఒక పట్టాన కొరుకుడు పడలేదు. మొదటి పాఠానికి ట్యూటర్ రాసిన వ్యాఖ్య: '40 నిమిషాల్లో 31 నిమిషాలు నువ్వే మాట్లాడావు.' రెండోసారి జాగ్రత్తపడ్డాను. ఎందుకు తక్కువ మాట్లాడుతున్నానో విద్యార్థులకు వివరంగా చెప్పాను. అది 33 అయింది. రెండు పాఠాలూ 'ప్రమాణానికి తగినట్టు లేవు' అని తేలాయి.

ఇంకో నియమం, ఏ పనైనా అప్పజెప్పాక అర్థమైందో లేదో ప్రశ్నలేసి తెలుసుకోవాలి. 'అర్థమైందా?' అని మాత్రం అడక్కూడదు. అందరూ అయిందనే అంటారు కాబట్టి. సాధన కోసం నాన్న మీద ప్రయోగించాను.

"నాన్నా, అమ్మ పెరుగు తెమ్మంది. మీరు ఇప్పుడు పాలు తెస్తారా, పెరుగు తెస్తారా?"

ఆయన చెప్పులేసుకుంటూ ఆగారు.

"ఒక ప్యాకెట్టా, రెండా? ఫ్రిజ్‌లో పెడతారా, బయట పెడతారా?"

నాన్న చెప్పులు విప్పేసి, సంచీ నా చేతిలో పెట్టి, పేపరు తీసుకున్నారు. నియమం పనిచేసింది. ఎవరు తేవాలో అర్థమైంది.

మూడో పాఠం శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు. తుర్కియే నుంచి ఒక డెంటిస్టుకు అప్పుడు మధ్యాహ్నం రెండు, బ్రెజిల్ నుంచి ఒక పెద్దావిడకు పొద్దున ఎనిమిది, జపాన్ కుర్రాడికి రాత్రి ఎనిమిది. ఇంకో ఐదుగురు. మా సత్యనారాయణపురానికి మాత్రం అది గుగ్గిళ్ళ వేళ. ఈ సంగతి నా పాఠ ప్రణాళికలో లేదు. 'ఎదురయ్యే ఇబ్బందులు, పరిష్కారాలు' అని ప్రణాళికలో ఒక గడి ఉంటుంది. దానిలో 'విద్యార్థులు సిగ్గుపడవచ్చు' అని రాసుకున్నాను.

పాఠం: ఒక పని జరుగుతుండగా ఇంకోటి అడ్డం పడడం. 'నేను స్నానం చేస్తున్నాను, అంతలో ఫోన్ మోగింది' లాంటివి. బొమ్మ చూపించాను. ఏది ముందు మొదలైంది, స్నానమా ఫోనా అని అడిగి నోరు మూసుకున్నాను. ఎవరూ మాట్లాడలేదు. రెండు, మూడు, నాలుగు సెకన్లు. నా ప్రాణం కొట్టుకుంటోంది, జవాబు నేనే చెప్పేద్దామని. డెంటిస్టు నోరు తెరిచాడు.

అప్పుడు వంటింట్లో శనగల కుక్కర్ కూత పెట్టింది. మాది ఐదు లీటర్ల పాత కుక్కర్. దానికి ఈల వేయడం రాదు, కూయడమే వచ్చు. జపాన్ కుర్రాడు తన మైకు తెరిచి, "మీ ఇల్లు స్టేషన్లో ఉందా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. కాదు, మా అమ్మ వంట చేస్తోంది అన్నాను. ఆ జవాబుతో అతనికి ఇంకా ఎక్కువ అనుమానాలు వచ్చినట్టు మొహంలో కనబడింది.

రెండో కూత అవ్వకముందే వీధిలోకి ఉల్లిపాయల ఆటో వచ్చింది. "వంద రూపాయలకి నాలుగు కేజీలూ! రండమ్మా రండి, ఎర్రని ఉల్లిపాయలూ!" రికార్డు చేసిన గొంతు కాబట్టి దానికి ఊపిరి తీసుకునే అవసరం లేదు. మా గుమ్మం ముందే ఆగింది. నేను మైకు ఆపేద్దామని నొక్కబోయి కెమెరా ఆపేశాను. మళ్ళీ తెరిచేసరికి నా భుజం పక్కన నాయనమ్మ ఉంది.

"నాలుగు కేజీలు తీసుకోమంటావేంట్రా?" అని అడిగి, స్క్రీన్లోకి వంగి బ్రెజిల్ ఆవిణ్ణి చూసింది. "ఎవర్రా ఈవిడ? భోంచేశారా అండీ?"

బ్రెజిల్ ఆవిడ చెయ్యూపింది. నాయనమ్మ దణ్ణం పెట్టింది. ట్యూటర్ గారి గడి మూలన నల్లగా, నిశ్శబ్దంగా ఉంది.

ఇక చేసేదేం లేక, ఇద్దరిద్దరుగా విడిపోయి మీకు నిన్న ఏమేం అడ్డం పడ్డాయో ఒకరికొకరు చెప్పుకోండి అని వాళ్ళను వేరువేరు గదుల్లోకి పంపే బటన్ నొక్కాను. అందరూ వెళ్ళారు. కరెంటు కూడా వెళ్ళింది.

ఇన్వర్టర్ ఉంది. అది ఫ్యాన్లకూ లైట్లకూ టీవీకీ. వైఫై డబ్బాకు దాని లైను లేదు, ఆ విషయం ఇంట్లో అందరికీ తెలుసట. ఫోన్లో డేటా అయిపోయింది. నాన్న ఫోన్ పట్టుకుని, దాని లాక్ తీయడానికి ఆయన బొటనవేలు కోసం పరుగెత్తితే, ఆయన ఆటో దగ్గర ఉల్లిపాయలు ఏరుతున్నారు. ఒక్కొక్కటీ నొక్కి చూసి మరీ. వేలు దొరికి, హాట్‌స్పాట్ పెట్టి, చెమటలు తుడుచుకుంటూ నేను తిరిగి వచ్చేసరికి ఏడు నిమిషాలు గడిచిపోయాయి.

వాళ్ళెవరికీ నేను పోయిన సంగతే తెలియదు. జపాన్ కుర్రాడు అడుగుతున్నాడు, డెంటిస్టు ఆవేశంగా చెబుతున్నాడు: మన టీచర్ ప్రశ్న అడుగుతుండగా రైలు వచ్చింది. రైలు అరుస్తుండగా ఉల్లిపాయలు వచ్చాయి. టీచర్ ఉల్లిపాయలు ఆపుతుండగా నాయనమ్మ వచ్చింది. వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు. పక్క గదిలో బ్రెజిల్ ఆవిడ నాలుగు కేజీల ఉల్లి అంత చవకా అని లెక్కలు కడుతోంది, అదీ ఇంగ్లీషులోనే.

పాఠమయ్యాక ట్యూటర్ సమీక్ష. ఈసారి 'ప్రమాణానికి తగినట్టు ఉంది'. విద్యార్థులు ఇంతసేపు, ఇంత సహజంగా మాట్లాడడం ఈ బ్యాచ్‌లో ఇదే మొదలట. నేను లోలోపల ఉబ్బిపోతున్నాను.

"మధ్యలో ఏడు నిమిషాలు నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. చాలా బావుంది" అన్నారావిడ. కాసేపాగి, "వచ్చే పాఠంలో అదే పని కరెంటు ఉండగా చేసి చూడు" అన్నారు.

కోర్సు పాసయ్యాను, మామూలు పాసే. పోలీసుల కాగితానికి దరఖాస్తు పెట్టాను. పోయిన వారం కానిస్టేబుల్ గారు విచారణకు ఇంటికొచ్చారు. ఫైలు తెరిచి, పక్కింటి పిన్నిగారిని సాక్షిగా పిలిచారు.

"అబ్బాయి తెలుసాండి? ఏం చేస్తుంటాడు?"

పిన్నిగారు ఏడాదిగా దాచుకున్న మాట బయటపెట్టారు. "గ్యాప్‌లో ఉన్నాడండి."

ఆయన పెన్ను ఆపి, తలెత్తి అడిగారు. "గ్యాపా? అదేం కంపెనీ అండి, హైదరాబాదులోనా, బెంగుళూరులోనా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ గుగ్గిళ్ళ ప్లేటు ఆయన ముందు పెట్టి, "వర్క్ ఫ్రమ్ హోమ్ అండి" అంది.