కోర్టు హాల్లో వీడియో కాల్ ఏందయ్యా?

ఇప్పుడే నెల్లూరు కోర్టు నుంచి వచ్చా. ఇంకా ఒళ్లు మండిపోతోంది.

పొద్దున కాల్ వర్క్ జరుగుతోంది, అంటే ఆ రోజు కేసుల్ని వరసగా పేర్లు పెట్టి పిలుస్తున్నారు. హాలు కిటకిటలాడుతోంది. వెనక బెంచీలో మడత నలగని తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన ఫోన్ పైకెత్తి, "ఇదిగో అల్లుడూ, ఆ పైన కూర్చున్న ఆమే జడ్జిగారు" అని అమెరికాలో ఉన్న అల్లుడికి కోర్టు చూపిస్తున్నాడు. పక్కన బంధువులంతా ఫోన్‌లోకి చేతులూపుతున్నారు. అటెండర్ ఫోన్ అడిగితే "నేనెవరో తెలుసా?" అని గొడవ. సరిగ్గా ఆ రభసలోనే ఇంకో కేసులో ముద్దాయి పేరు పిలిచారు. వరండాలో నిలబడ్డ ముసలాయనకు వినపడలేదు. మూడుసార్లు పిలిచి, రాలేదని నాన్ బెయిలబుల్ వారంట్ వేశారు, అంటే పట్టుకుని కోర్టుకు తెమ్మని పోలీసులకు ఇచ్చే ఉత్తర్వు.

ఆయన ఉదయగిరి అవతల పల్లె నుంచి తొలి బస్సుకు వచ్చిన మనిషి. గట్టు తగాదా కేసు. "వారంట్ అంటే జైలేనా సామీ?" అని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. కోర్టు రద్దు చేసేదాకా ఆ వారంట్ అలాగే ఉంటుంది. ఆయన వకీలు పక్క కోర్టులో ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నిస్తున్నాడు. ఆయనొచ్చి వారంట్ రద్దు చేయమని రీకాల్ పిటిషన్ వేసేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటిదాకా ముసలాయన పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

జడ్జి విచారణలో ఉండగా కావాలని అడ్డు తగిలితే భారతీయ న్యాయ సంహిత 267 సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, 5 వేల దాకా జరిమానా, లేదంటే రెండూ. తెల్లచొక్కాను మాత్రం మందలించి వదిలేశారు. పల్లెటూరి వాళ్లు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొస్తారు. చదువుకుని, డబ్బున్నవాళ్లకే ఈ బలుపంతా. బోనులో నిలబడి ఫోన్ ఎత్తి "కోర్టులో ఉన్నా, చెప్పు" అన్నవాణ్ణి కూడా చూశా.

ఆమధ్య ఒకామె తీర్పు రోజున బెంచీ కింద మంత్రించిన నిమ్మకాయ పెట్టింది. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగిన మనిషి, భయంతో ఏదైనా చేస్తుంది. ఆ నిమ్మకాయ ఇచ్చింది ఎవరు? కోర్టు బయట టీకొట్టు దగ్గర కూర్చుని "జడ్జిగారు మనకు బాగా కావాల్సినవాళ్లు, పైన కొంచెం చూసుకోవాలి" అని చెప్పే దళారి. నిమ్మకాయకు ఒక రేటు, జడ్జి పేరుకు ఒక రేటు. ఆమె చెవి కమ్మలు పోయాయి. ఈ దొంగల్ని ఒక్కడూ అడగడు. మా వకీళ్లలోనూ వాళ్లకు టీ ఇప్పించేవాళ్లున్నారు!

1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. 15100కి ఫోన్ చేస్తే ఎలా అడగాలో చెబుతారు. ఆమెకు ఆ ముక్క ఒక్కరూ చెప్పలేదు. మీ ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఆ నంబర్ పెట్టండి. జడ్జి పేరు చెప్పి ఎవడైనా డబ్బడిగితే ఇవ్వకండి. ఆ మాట నేరుగా జడ్జిగారికే చెప్పండి.