కమల వరి: లెక్కలు బయట పెట్టండి

బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన సాంబ మసూరి సన్నగింజకు, అన్నం రుచికి వంక పెట్టేవారు అరుదు. పంట చేతికి రావడానికి దాదాపు ఐదు నెలలు పట్టడమే డెల్టా రైతు బాధ. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను అదే బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, కోతకొచ్చిన చేలు నేలకొరిగి, నీళ్లలో నానిన వెన్నుల మీదే గింజ మొలకెత్తింది. ఇదే వరి 20 రోజుల ముందు కోతకొస్తే తుపాను గండం చాలావరకు తప్పుతుంది, వెనక వేసే మినుముకు అదనూ దొరుకుతుంది.

రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ ‘కమల’ పేరుతో ఆ మాటే ఇస్తోంది. సాంబ మసూరిలో వెన్నుకు పట్టే గింజల సంఖ్యను అదుపు చేసే జన్యువును సవరించి తయారు చేసిన ఈ రకాన్ని, కాటన్‌దొర సన్నాల నుంచి ఢిల్లీ శాస్త్రవేత్తలు రూపొందించిన మరో రకంతో కలిపి 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ విడుదల చేశారు. దిగుబడి 19 శాతం పెరుగుతుందన్నది ప్రభుత్వ ప్రకటన. వీటిలో పరాయి జీవి జన్యువేదీ లేదు కాబట్టి, బ్యాక్టీరియా జన్యువును చొప్పించిన బీటీ పత్తితో వీటిని ఒకే గాటన కట్టి బెదరగొట్టడం సరికాదు.

మా అభ్యంతరం జన్యువును సవరించే కత్తెర మీద కాదు, గోప్యత మీద. పరాయి డీఎన్‌ఏ మిగలని జన్యు సవరణ పంటలకు, 1989 నాటి జీవ భద్రత నియమాల్లోని కీలక నిబంధనల నుంచి కేంద్రం 2022 మార్చి 30న మినహాయింపు ఇచ్చింది. డీఎన్‌ఏలో అనుకున్న చోట కాక మరోచోట కోత పడిందా, పరాయి డీఎన్‌ఏ ఏమైనా మిగిలిందా అన్నది ఆ వంగడాన్ని తయారు చేసిన సంస్థలోని జీవ భద్రత కమిటీయే తేలుస్తుంది. వండినవారే రుచి చూసి బాగుందనడం లాంటిదే ఇది. పలు కేంద్రాల్లో జరిపిన సమన్వయ ప్రయోగాల నివేదికల్లోని అంకెలు ప్రకటించిన ఫలితాలతో పొసగడం లేదని జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించే సంఘాలు ఆరోపించాయి, భారతీయ వ్యవసాయ పరిశోధన మండలి ఖండించింది. కేంద్రాలవారీగా, ఏడాదివారీగా పూర్తి దత్తాంశాన్ని అందరి ముందు పెడితే ఈ తగాదా ఒక్క రోజులో తీరిపోతుంది.

ప్రయోగశాలలో సరిగా ఉన్నది పొలంలోనూ సరిగా ఉంటుందనుకోవడం ఎంత ఖరీదైన నమ్మకమో పత్తి రైతుకు తెలుసు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు, 450 గ్రాముల విత్తన ప్యాకెట్‌తో పాటు బీటీ కాని గింజలు 120 గ్రాములు విడి పొట్లంగా ఇచ్చేవారు. బీటీ విషాన్ని తట్టుకునే శక్తి పురుగుకు త్వరగా రాకుండా వాటిని చేను చుట్టూ వేయాలి. ఎందుకు వేయాలో విడమరిచి చెప్పినవారు తక్కువ, దిగుబడి తగ్గుతుందని వాటిని పక్కన పడేసిన రైతులు ఎక్కువ. చివరికి గులాబీ రంగు పురుగు బీటీ కాయలోనే కాపురం పెట్టింది. ఆ తప్పు విత్తనానిది కాదు, దాని వెంట నడవాల్సిన వ్యవస్థది. కలుపు మందును తట్టుకునే, అనుమతి లేని పత్తి ‘బీజీ-3’ పేరుతో చాటుమాటుగా పల్లెలకు చేరడమూ ఆ వ్యవస్థ వైఫల్యమే.

హక్కుల సంగతీ తేలాలి. జన్యువులను కత్తిరించి సవరించే క్రిస్పర్ పరిజ్ఞానంపై మౌలిక పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. ప్రభుత్వ సొమ్ముతో, బాపట్ల గింజతో తయారైన వంగడాన్ని రైతు ఇంట్లో దాచుకుని మళ్లీ చల్లుకోవచ్చా, పొరుగువాడికి ఇవ్వవచ్చా అన్నదానికి రాతపూర్వకమైన, మెలికలు లేని జవాబు కావాలి. సంచి మీద మొలక శాతం, గడువు తేదీతో పాటు ఇది జన్యు సవరణ రకమని తెలుగులో ఒక వాక్యం ముద్రించడం పెద్ద భారం కాబోదు. ఈ పనులన్నీ పూర్తయ్యాకే కమల సంచులు విత్తన దుకాణాలకు చేరాలి. రెండు తెలుగు రాష్ట్రాల వ్యవసాయ శాఖలు ఆ మేరకు కేంద్రాన్ని ఇప్పుడే నిలదీయాలి.