ట్రిబ్యునల్ ముందు ‘మనవాడు’ ఎవరు?

ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న మన పిల్లవాడికి వీసా రిఫ్యూజ్ అయితే మొదటి ఫోన్ లాయర్‌కి వెళ్లదు, రూమ్మేట్‌కి వెళ్తుంది. ‘నాకు తెలిసిన అన్న ఒకాయన ఉన్నాడు, మనవాడే, అప్పీల్ అంతా ఆయనే చూసుకుంటాడు’ అని అటునుంచి భరోసా వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం.

ఈ అప్పీళ్లు వినేది అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్. ఏఏటీ (అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ట్రిబ్యునల్) అనే పాత ట్రిబ్యునల్ స్థానంలో 2024 అక్టోబర్ 14న వచ్చింది. ఇది కోర్టు కాదు. అధికారి ఎక్కడ తప్పు చేశాడో వెతికి ఊరుకోదు, ఫైలంతా మొదటి నుంచి చూసి తానే కొత్తగా తేలుస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుని పెట్టుకున్న స్టూడెంట్ వీసా రిఫ్యూజ్ అయితే ఈ తలుపు తెరుచుకోదు, ఆస్ట్రేలియాలో ఉండి అప్లై చేసినవాళ్లకే. ఫీజు దాదాపు 3,500 ఆస్ట్రేలియన్ డాలర్లు, గెలిస్తే సగం వెనక్కిస్తారు. లాయర్ ఉండి తీరాలన్న నియమం లేదు. తెలుగు దుబాసీ కావాలంటే ట్రిబ్యునలే ఉచితంగా పెడుతుంది.

ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు లాయర్ దేనికి అనిపిస్తుంది. దానికి జవాబు 2007లో అక్కడి హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో ఉంది (వాళ్లకు అదే అత్యున్నత న్యాయస్థానం). లెబనాన్ నుంచి వచ్చిన ఒక కుటుంబం శరణార్థి వీసా కోసం అప్పటి ట్రిబ్యునల్‌కి వెళ్లింది. వాళ్ల ప్రతినిధి తాను సొలిసిటర్‌నని (అంటే లాయర్‌నని), వీసా పనులు చూసే మైగ్రేషన్ ఏజెంట్‌నని నమ్మించాడు. నిజానికి ఆ రెండు అర్హతలూ అప్పటికే రద్దయ్యాయి. విచారణకు వెళ్లొద్దని చెప్పాడు, వాళ్లు వెళ్లలేదు, ఓడిపోయారు. అతను చేసినది ట్రిబ్యునల్ ప్రక్రియనే వంచించిన మోసం అంటూ హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. బానే ఉంది. కానీ అదే తీర్పులో ఇంకో మాటా ఉంది: ప్రతినిధి నిర్లక్ష్యం వల్లో, చెత్త సలహా వల్లో నష్టపోతే మాత్రం అంత మాత్రాన నిర్ణయం చెల్లకుండా పోదు. మోసానికి మందుంది, నిర్లక్ష్యానికి లేదు. కోర్టు బాధ నాకు అర్థమవుతుంది, లేకపోతే ఓడిన ప్రతివాడూ ఏజెంట్ మీదకు నెట్టేస్తాడు. కానీ మన పిల్లలు మునిగేది ఎక్కువగా మోసంలో కాదు, ఈ రెండోదాంట్లో.

ఈమెయిల్ సంగతే తీసుకోండి. వీసాకి ఆన్‌లైన్‌లో అప్లై చేసే ప్రభుత్వ ఖాతా ఇమ్మిఅకౌంట్, దాన్ని తెరిచేది కన్సల్టెన్సీ. అందులో ఇచ్చిన ఈమెయిల్ వాళ్లది, పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే. రిఫ్యూజల్ లెటర్ ఆ మెయిల్‌కి వెళ్తుంది. చట్టం లెక్కలో పంపిన రోజు ముగిసేసరికి అది మీకు అందినట్టే, మీరు చూశారా లేదా అన్నది అనవసరం. అక్కడి నుంచి 28 రోజులు. ఆ గడువు పొడిగించే అధికారం ట్రిబ్యునల్‌కే లేదు. పండక్కి ఊరెళ్లిన కన్సల్టెంట్ మూడు వారాల తర్వాత ‘తమ్ముడూ, ఒక మెయిల్ వచ్చింది’ అంటే ఇంక మిగిలేది ఒక్క వారం, బోలెడు టెన్షన్.

రెండోది సీఓఈ, అంటే కాలేజీ ఇచ్చే అడ్మిషన్ ధ్రువపత్రం. కేసు తేలడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఈలోగా బ్రిడ్జింగ్ వీసా (కేసు తేలేదాకా అక్కడ ఉండనిచ్చే తాత్కాలిక వీసా) మీద ఉద్యోగం చేసుకుంటూ క్లాసులు మానేస్తారు, ‘అప్పీల్ నడుస్తోంది కదా’ అని. ట్రిబ్యునల్ చూసేది నిర్ణయం ఇచ్చే రోజున పరిస్థితి. ఆ రోజు చేతిలో సీఓఈ లేకపోతే వాదనంతా గాలికి పోయినట్టే. మంచి ప్రతినిధి మొదటి రోజే చెప్పే మాట, ముందు క్లాసుకి వెళ్లు అని. ఆ మాట వినసొంపుగా ఉండదు, అందుకే ‘మనవాడు’ చెప్పడు.

ఇక 2024 మార్చి 23 నుంచి వచ్చిన ‘జెన్యూన్ స్టూడెంట్’ షరతు ఒకటి, అంటే నిజంగా చదువుకోవడానికే వచ్చానని చూపించాలి. ఐటీలో మాస్టర్స్ చేసినవాడు వంట డిప్లొమాలో ఎందుకు చేరాడు? దీనికి నిజమైన జవాబు ఆ కుర్రాడి దగ్గరే ఉంటుంది, నలుగురికీ పంచిన టెంప్లేట్‌లో ఉండదు. విచారణ పెట్టినా, కాగితాల మీదే తేల్చినా, ఆ జవాబును తేదీలతో, రుజువులతో పేర్చి పెట్టడమే లాయర్ పని. ట్రిబ్యునల్‌లో ఓడితే ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టుకి 35 రోజుల్లో వెళ్లొచ్చు గానీ, అక్కడ చట్టపరమైన లోపమే చూస్తారు. మీ కథ ఇంక ఎవరూ వినరు.

ఫీజే 3,500 డాలర్లయితే లాయర్‌కి ఏం మిగులుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు ఫీజు సగం తగ్గించే వీలుంది, అది అడగాలని కూడా చాలామందికి ఎవరూ చెప్పరు. ఆస్ట్రేలియాలో ఉండి డబ్బు తీసుకుని వీసా వ్యవహారాలు చూడాలంటే మారాలో (మైగ్రేషన్ ఏజెంట్లను రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్టరై ఉండాలి, లేదా అక్కడి లాయరై ఉండాలి. ఏజెంటైతే ఏడంకెల నంబర్ ఉంటుంది, మారా వెబ్‌సైట్‌లో కొడితే పేరు వస్తుంది. పని మొదలుపెట్టకముందే రాతపూర్వక ఒప్పందం ఇవ్వాలి. ‘అన్నా, మీ నంబర్ ఒకసారి చెప్పండి’ అనడానికి మనవాళ్లకు మొహమాటం. ఆ అన్న నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. నంబర్ చెప్పాక ఇమ్మిఅకౌంట్ పాస్‌వర్డ్ కూడా అడగండి.