అద్దానికి తలుపెక్కడిది?

ఇటీవల ఒక దర్శకుడు తన దెయ్యం సినిమా ఏ విదేశీ చిత్రానికీ అనుకరణ కాదనీ, ఉన్నది కేవలం ప్రభావమేననీ, దెయ్యాలు ఏ దేశంలోనైనా ఒకే రకంగా ప్రవర్తిస్తాయనీ సెలవిచ్చారు. దెయ్యాల స్వభావాన్ని ఇంత లోతుగా పరిశీలించిన వ్యక్తిని శంకించడం మర్యాద కాదు కనుక, ఆయన మాట నమ్మి టికెట్టు కొన్నాను.

కథ కోనసీమలోని ఒక పెంకుటింట్లో జరుగుతుంది. కథానాయిక ముఖం కడుక్కుంటుంది. ఎదురుగా అద్దం, ఆ అద్దానికో తలుపు, తలుపు వెనుక అర, అరలో మందుసీసాలు. ఆమె తలుపు తెరిచి మూయగానే అద్దంలో దెయ్యం కనబడుతుంది. నేనెరిగిన పెంకుటిళ్లలో అద్దం మేకుకు వేలాడుతుంది, దాని అంచున నాలుగు వాడిన బొట్టుబిళ్లలు అంటించి ఉంటాయి, వెనుక బల్లి తప్ప మరేదీ ఉండదు. భయపడిన కథానాయిక అక్కడినుండి నేలమాళిగలోకి పరుగెత్తుతుంది. నాలుగడుగులు తవ్వితే నీరు పడే గోదావరి డెల్టాలో, ఆ నేలమాళిగలో దెయ్యం కంటే ముందు కొరమేనులు కాపురం పెట్టి ఉండాలి. కథను హైదరాబాదుకు మార్చి ఉంటే సెల్లార్ అయినా దొరికేది గానీ, అక్కడ స్కూటర్ల నడుమ వాచ్‌మన్ కుటుంబానికే చోటు చాలదు. చివరకు వేపమండలతో, విభూతితో భూతవైద్యుడు వస్తాడు. మంచం మీది పిల్ల తల మాత్రం 1973 నాటి హాలీవుడ్ చిత్రం ‘ది ఎక్సార్సిస్ట్’లో తిరిగినట్టే వెనక్కి తిరుగుతుంది. వేపమండలకు అది కొత్త కాబోలు, పాపం, వైద్యుడే ముందు జడుసుకున్నాడు.

ఇతివృత్తం మీద ఎవరికీ హక్కు ఉండదని తన నాటకాన్ని సినిమాగా కాపీకొట్టారని రచయిత ఆర్.జి. ఆనంద్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. ఆ ముక్క మన నిర్మాతలకు కంఠతా వచ్చు. రెంటినీ చూసిన ప్రేక్షకుడికి రెండోది మొదటిదానికి నకలేనని నిస్సందేహంగా తోస్తే అది ఉల్లంఘనేనని అదే తీర్పు చెప్పిన సంగతి దగ్గరకు వచ్చేసరికి మాత్రం వారికి కునుకు పడుతుంది.

అసలు దొంగతనమంటే 1922లో జర్మన్ దర్శకుడు మూర్నౌ తీసిన ‘నోస్ఫెరాటు’ చిత్రానిది. బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాక్యులా’ను అనుమతి లేకుండా తీసుకుని, పాత్రల పేర్లు మార్చి సినిమా తీశారు. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెక్కగా, ప్రతులన్నీ నాశనం చేయమని 1925లో తీర్పు వచ్చింది. మనకు దక్కినవి ఆ తీర్పునుండి తప్పించుకున్న ప్రతులే. అయితే ఆ దొంగ ఒక పని చేశాడు. నవలలో పగటిపూట కూడా తిరిగే రక్తపిశాచిని సూర్యకాంతి సోకి చచ్చేలా చేశాడు. ఆ తరువాత వచ్చిన పిశాచాలెన్నో ఆ ఎండకే చచ్చాయి. తెచ్చుకున్న అప్పుకు వడ్డీ కట్టడమంటే అది. మనవాళ్లు విదేశీ సినిమాల నుంచి తెచ్చిన అద్దానికి కనీసం ఒక బొట్టుబిళ్ల అంటించలేదు.

ఇంకో మాట. ఆ దొంగ చిత్రం టైటిళ్లలో స్టోకర్ పేరు ఉంది! వందేళ్ల కిందట, దొరికిపోయే ప్రమాదం ఉన్నా వేసిన పేరది. పేరు వేయడానికి పైసా ఖర్చు లేదు. ఎక్కడో ఒకడు రాత్రుళ్లు మేలుకుని, కొట్టివేసి, మళ్లీ రాసుకున్న దృశ్యాన్ని ఎత్తుకొచ్చి, వాడి పేరైనా తలవకుండా మైకు ముందు ప్రభావమని పలకడానికి నోరెలా వస్తుంది? సిగ్గుండాలి.

నేను టికెట్టు కొన్న ఆ పెంకుటింటి సినిమా టైటిళ్లు కడదాకా కూర్చుని చదివాను. కథ, మాటలు, దర్శకత్వం అన్నీ ఆ దర్శకుడివే. పెంకుటిల్లు ఇచ్చిన యజమానికీ, భోజనాలు పెట్టిన వారికీ కృతజ్ఞతలున్నాయి. అద్దం ఎవరిదో మాత్రం ఎక్కడా లేదు.