ప్రాస తప్పిన పదేళ్లు

ముప్పవరపు వెంకయ్యనాయుడు గారి ప్రసంగాల గురించి రాసినప్పుడల్లా మన పత్రికలు ‘ప్రాస’ అనే మాట వాడతాయి. ఛందస్సు మీద గౌరవం ఉన్నవాళ్లు దీన్ని ఊరికే పోనివ్వకూడదు. పద్యపాదాల్లో రెండో అక్షరం కలిస్తే ప్రాస. మొదటి అక్షరానికి పాదం మధ్యలో చెప్పినచోట మైత్రి కుదిరితే యతి. రాజ్యసభ ఛైర్మన్‌గా ఆయన సభ్యులకు పదేపదే బోధించిన ‘డిస్కస్, డిబేట్, డిసైడ్’ సూత్రాన్నే చూడండి. ‘డి’ మూడుచోట్లా ముచ్చటగా పడింది కానీ, ఆ పక్కనున్న స్క, బే, సై మధ్య ఏ చుట్టరికమూ లేదు. అంటే యతి చెల్లిందనుకోవచ్చు, ప్రాస మాత్రం చెల్లలేదు. ‘ప్రభుత్వం ప్రపోజ్ చేయాలి, ప్రతిపక్షం అపోజ్ చేయాలి, సభ డిస్పోజ్ చేయాలి’ అన్నది అంత్యప్రాస. రెంటినీ ఒకే గాటన కట్టడం లక్షణగ్రంథాలకు అపచారం.

ఈ విభజన నాది కాదు, మా పెదనాన్నది. తెలుగు పండితుడిగా రిటైరైన ఆయన, పార్లమెంటు ప్రసారం చూస్తూ కూడా బొటనవేలితో కణుపులు తడుముకుంటూ గణాలు లెక్కపెట్టేవారు. చాలామంది ఎంపీల ప్రసంగాలు ఆయనకు వచనంగా కూడా ఆనలేదు. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఈ ఒక్క వక్త లేచినప్పుడే కళ్లజోడు తుడుచుకుని ముందుకు జరిగేవారు.

ఉదయగిరి నుంచి 1978లో శాసనసభకు వెళ్లిన నాయకుడు, 1998లో కర్ణాటక నుంచి రాజ్యసభకు చేరేసరికి, తెలుగు సభల్లో పండిన అనుప్రాసను ఇంగ్లిష్‌లోకీ హిందీలోకీ అంటుగట్టారు. పాండవోద్యోగం పద్యాలు ఒన్స్‌మోర్ కొట్టించుకునే నేల మీద పెరిగినవాళ్లకు దీని కిటుకు తెలుసు. అర్థం చెవికి చేరేలోపే చప్పట్లు పడాలి. ప్రధాని మోదీ పేరులోని నాలుగు ఇంగ్లిష్ అక్షరాలను విడగొట్టి ‘మేకింగ్ ఆఫ్ డెవలప్డ్ ఇండియా’ అని తాత్పర్యం చెప్పినప్పుడు, పెదనాన్న దాన్ని అక్షరాలతో గారడీ చేసే చిత్రకవిత్వంలో చేర్చారు. అక్షరాలను బొమ్మల గళ్లలో బిగించే బంధకవిత్వంలో కవే బందీ అయ్యే ప్రమాదం ఉందని కూడా గొణిగారు, అది వేరే సంగతి.

ఆ ప్రమాదం 2017లో రుజువైంది. పై పదవులకు తన పేరు వినబడుతున్న రోజుల్లో వెంకయ్య గారు, తనకు రాష్ట్రపతి కావాలనీ లేదు, ఉపరాష్ట్రపతి కావాలనీ లేదు, భార్య ఉష పేరు మీద ‘ఉషాపతి’గానే సంతోషంగా ఉన్నానని అన్నారు. “ఒరేయ్, అంత్యప్రాస సరే, ఉపరాష్ట్రపతికీ ఉషాపతికీ యతి కూడా కుదిరిందిరా!” అని పెదనాన్న కుర్చీలోంచి లేచారు. “అయితే ఏమిటి పెదనాన్నా?” అన్నాను. “యతి కుదిరిన మాట ఊరికే పోదు” అన్నారు. కొన్ని వారాలకే వెంకయ్య గారు ఉపరాష్ట్రపతి అభ్యర్థి అయ్యారు. ఆగస్టు 11న ప్రమాణం చేశారు. రాజకీయ విశ్లేషకులు దీనికి పార్టీ కారణాలు వెతికారు, పాపం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2014 ఫిబ్రవరి 20న రాష్ట్ర విభజన బిల్లు రాజ్యసభలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల పాటు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రధాని మన్మోహన్ సింగ్ చెప్పారు. ఐదేళ్లు చాలవు, పదేళ్లు కావాలని వెంకయ్య గారు పట్టుబట్టారు. కర్ణాటక సభ్యుడు ఆంధ్ర కోసం పోరాడుతున్నారని మా వీధి వీధంతా మురిసిపోయింది. పెదనాన్న ఒక్కరే పెదవి విరిచారు. ‘ఐదు’కీ ‘పది’కీ యతి లేదు. ‘హోదా’ రెండు పాదాలకూ ఒకటే కాబట్టి కొత్త అందమేమీ రాదు. ఇంత పెద్ద కోరికను ఇంత ఉత్త వచనంలో అడిగితే ఎవరికి గుర్తుంటుందని ఆయన బెంగ. 2016 సెప్టెంబరులో కేంద్రం హోదాకు బదులు ప్రత్యేక సాయం ప్రకటించింది. అప్పటికి కేంద్రమంత్రిగా ఉన్న వెంకయ్య గారు దాన్ని సమర్థించారు. పద్నాలుగో ఆర్థిక సంఘమే అడ్డొచ్చిందని ఢిల్లీ వివరణ. అడ్డొచ్చింది ఛందస్సేనని మా ఇంటి నమ్మకం.

ఉపరాష్ట్రపతిగా రాజ్యసభ ఛైర్మన్ స్థానంలో కూర్చున్న మొదటి శీతాకాల సమావేశంలోనే, 2017 డిసెంబరులో, ఆయన ఒక సంస్కరణ తెచ్చారు. కాగితాలు సభకు సమర్పించేటప్పుడు మంత్రులు ‘ఐ బెగ్ టు లే’ అనడం వలసపాలన నాటి అలవాటనీ, స్వతంత్ర భారతంలో ఎవరూ ‘బెగ్’ చేయనక్కర్లేదనీ సెలవిచ్చారు. ఎంతో సబబైన మాట. తర్వాతి బడ్జెట్ సమావేశాల్లో ఆంధ్ర సభ్యులు ప్లకార్డులు పట్టుకుని, బెగ్ చేయకుండా, అదే హోదా గురించి ఆయన ఎదుటే నినాదాలు చేశారు. వాళ్లకు దక్కింది నాలుగో ‘డి’: ‘డిస్‌రప్ట్’ వద్దు. ఛైర్మన్ కుర్చీకి పార్టీ ఉండదు, జిల్లా ఉండదు, జ్ఞాపకం ఉండాలన్న నిబంధన కూడా ఎక్కడా లేదు.

2021 ఆగస్టు 11న మాత్రం ఆయన వచనంలోనే మాట్లాడారు. ముందురోజు సభ్యులు సభలో బల్లలెక్కారు. రాత్రంతా నిద్ర పట్టలేదని చెబుతూ గొంతు పూడుకుపోయి ఆగిపోయారు. ఒక్క ‘డి’ కూడా పడలేదు. పెదనాన్న వేళ్లు కణుపుల మీద కదలకుండా ఉండిపోయాయి. కాసేపటికి ఆయనే టీవీ కట్టేశారు.

మరుసటి ఏడాది ఆగస్టు 8న వీడ్కోలు. ప్రధాని లేచి, వెంకయ్య గారి ‘వన్ లైనర్లు’ నిజానికి ‘విట్ లైనర్లు’, ‘విన్ లైనర్లు’ కూడానని మెచ్చుకున్నారు. సభ బల్లలు చరిచింది. వ-కార మైత్రి బాగుందని పెదనాన్న ఒప్పుకున్నారు కానీ, చివర ‘లైనర్’ మూడుసార్లూ అదే పదం కనుక అది ప్రాస కిందికి రాదనీ, మహా అయితే లాటానుప్రాస అవుతుందనీ, వీడ్కోలు సభ కాబట్టి మార్కులు తగ్గించడం లేదనీ అన్నారు.